పెరట్లో తాటిచెట్టు: టెంక పాతడం నుంచి తొలి గెల దాకా

"ఇంట్లో తాటిచెట్టు పెంచాలని ఉంది, మొక్క ఎక్కడ దొరుకుతుంది?" అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. మొక్క కొనకండి, టెంక పాతండి. తాటి మొక్కను సంచిలో పెంచి, తీసుకొచ్చి, గుంతలో దించి బతికించడం అనుభవజ్ఞులకు కూడా కష్టమైన పని. టెంకను మాత్రం పాతినచోటే వదిలేస్తే, మన ప్రమేయం లేకుండా తన దారి తాను చూసుకుంటుంది. నేను ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. మొదటిసారి ఆరు టెంకలను నర్సరీ సంచుల్లో పాతి, సంచి కింద చిల్లు పడిందేమిటని లేపి చూస్తే వేరు అప్పటికే నేలలోకి దిగి ఉంది. లేపగానే తెగింది. ఆరూ పోయాయి.

అందుకే ఈ చెట్టు విషయంలో మన పనంతా మొదట్లోనే ఉంటుంది. చోటు బాగా ఎంచుకోవాలి, గుంత లోతుగా గుల్లచేయాలి, మొదటి రెండు వేసవులు నీళ్ళు పోయాలి. ఆ తర్వాత చేయవలసినదానికంటే చేయకూడనిదే ఎక్కువ.

చోటు చూసుకోవడం

పెరిగిన తాటిచెట్టు వంద అడుగుల దాకా పోగలదు. మాను నిటారుగా ఉంటుంది కాబట్టి మర్రిలా రావిలా నీడ పరుచుకోదు, గోడలను చీల్చేంత లావు వేర్లూ ఉండవు. తాటి వేర్లు పీచులాంటివి, గుత్తులుగా లోతుకు దిగుతాయి. పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద మన పెద్దలు దీన్నే పెంచడానికి ఇదొక కారణం. అది కట్టను కరిచిపట్టుకుంటుంది.

ఇంత నమ్మకమైన చెట్టు అయినా ఇంటి గోడకు కనీసం పదిహేను అడుగుల దూరంలో వేయండి. కారణం వేర్లు కాదు, పైనుంచి పడేవి. ఎండిన మట్ట ఒకటి గాలికి ఊడి పడితే కారు అద్దం నిలవదు. పండిన తాటిపండు కిలో పైనే తూగుతుంది. కిందనుంచి పిల్లలు నడిచే దారి, బండి నిలిపే చోటు, పక్కింటి రేకుల కప్పు ఉండకూడదు. తలెత్తి చూడండి, కరెంటు తీగలు ఉంటే ఆ చోటు మరిచిపోండి. ఇరవై ఏళ్ళ తర్వాత విద్యుత్తు సిబ్బంది వచ్చి మొవ్వు, అంటే నడినెత్తిన కొత్త ఆకులు పుట్టే చోటు, నరికితే చెట్టు మళ్ళీ చిగురించదు. తాటికి ఉన్నది ఒకే మొవ్వు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. చిన్న తాటిచెట్టు పెద్ద తాటిచెట్టుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మాను పైకి లేవడానికి ముందు ఎన్నో ఏళ్ళు అది నేల మీదే విసనకర్రల్లాంటి ఆకులను నాలుగు వైపులా విప్పుకొని కూర్చుంటుంది. ఆ మట్టల అంచులకు రంపపు పళ్ళు ఉంటాయి. కరుకు అంటారు దాన్ని. ఒరుసుకుంటే చర్మం చీరుకుపోతుంది. కాబట్టి నడిచే బాటకు ఆరేడు అడుగుల దూరం తప్పనిసరి. బట్టలు ఆరేసే తీగ పక్కన అసలే వద్దు.

నేల గురించి బెంగ అక్కరలేదు. ఇసుక నేల, ఎర్రనేల, కాస్త ఉప్పు తగిలిన తీరప్రాంతపు నేల, అన్నింటిలోనూ వస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే అనంతపురం లాంటి చోటనైనా ఒకసారి వేరూనితే అది బతుకుతుంది. పాతిన తొలి నెలల్లో టెంక దగ్గర నీరు నిలిస్తే మాత్రం కుళ్ళుతుంది. కాబట్టి పెరట్లో వాననీరు చేరే పల్లం వదిలేసి మెరక చూడండి. పూర్తిగా ఎండ పడాలి. మామిడి నీడన పాతితే అది ఆకాశం వెతుక్కుంటూ ఏళ్ళు గడుపుతుంది.

రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకొని ముందు మిగిలిన ఆరడుగుల మట్టిలో తాటిచెట్టు కావాలనుకుంటే, వద్దని చెప్పడమే నా స్నేహధర్మం. అందం కోసం తాటి జాతి చెట్టు కావాలంటే కడియం నర్సరీల్లో వెండిరంగు ఆకుల బిస్మార్కియా దొరుకుతుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన జాతి, నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది. అయితే అదీ పెద్దదవుతుంది, కుండీలో కలకాలం ఇమడదు. రాయల్ పామ్ చూడటానికి రాజసంగా ఉన్నా నీళ్ళు అడుగుతుంది. బోరు ఎండిపోయే ఊళ్ళో దాని జోలికి పోకండి.

టెంకలు సేకరించడం

ముంజల కాలం వేసవి, పండ్ల కాలం శ్రావణ భాద్రపదాలు. తాటిపండు రాలితే వెతకనక్కరలేదు, వాసనే పిలుస్తుంది. మీకు తెలిసిన చెట్లలో ఏటా గెలలు నిండుగా వేసేది, ముంజ రుచిగా ఉండేది చూసి, దాని కింద తనంతట తాను రాలిన పండును ఏరుకోండి. కోసిన పచ్చికాయ పనికిరాదు. టెంక లోపల గింజ ముదరాలి.

ఒక పండులో సాధారణంగా మూడు టెంకలుంటాయి, కొన్నింటిలో రెండు, ఒకటి. పండును నీళ్ళలో పిసికితే నారింజరంగు గుజ్జు వదులుతుంది. ఆ గుజ్జు పారబోయకండి, బియ్యపు రవ్వా బెల్లమూ కలిపి తాటిరొట్టె వేసుకోండి. టెంక మీది పీచు పూర్తిగా పోదు, పోనక్కరలేదు. గుజ్జు మాత్రం మిగలకూడదు, మిగిలితే చీమలు, పందికొక్కులు వెతుక్కుంటూ వస్తాయి. నీడలో వారం రోజులు ఆరబెట్టి, చిల్లులు పడినవి, చేతిలో మరీ తేలికగా అనిపించేవి తీసేయండి. ఏడాదిపాటు దాచి పాతుదామంటే కుదరదు. ఆ వానకాలంలోనే, వీలైనంత త్వరగా నేలకు అప్పగించాలి.

ఒక చెట్టు కావాలంటే కనీసం పది పదిహేను టెంకలు తెచ్చుకోండి. ఎందుకో కిందే తెలుస్తుంది.

గుంత తీయడం, పాతడం

తాటి మొలకెత్తే తీరు తెలిస్తే తక్కిన పనులన్నీ ఎందుకు చేస్తున్నామో అర్థమవుతుంది. చిక్కుడు గింజ మొలిస్తే మొలక పైకి వస్తుంది. తాటి టెంక నుంచి గొట్టం లాంటి కాడ ఒకటి బయటికి వచ్చి, నిట్టనిలువునా కిందికి దిగుతుంది. ఆ కాడ కొసలో, అడుగు, అడుగున్నర లోతున మొక్క తయారవుతుంది. అక్కడ ఊరే పిండిపదార్థమే సంక్రాంతి రోజుల్లో మనం ఉడికించుకొని, కాల్చుకొని తినే తేగ. ఆ సమయంలో టెంక లోపల మెత్తని స్పాంజి లాంటి ముద్ద పెరుగుతుంది. బుర్రగుంజు అంటారు కదా, అదే. టెంకలోని గట్టి ఆహారాన్ని కరిగించి పీల్చి, గొట్టం గుండా కింది మొక్కకు పంపేది ఆ ముద్దే. అంటే టెంక పగలగొట్టి బుర్రగుంజు తింటే కింది పసిమొక్క అన్నం లాక్కున్నట్టే. తినడానికి పాతినవి వేరు, చెట్టుకోసం పాతినవి వేరు.

మొక్క ప్రాణం అంత లోతున దాగి ఉండటం వల్లే పైన ఎండ మండినా, మేక కొరికినా, చెత్త అంటుకున్నా అది చావదు. కరువును తట్టుకునే గుణం చెట్టయ్యాక వచ్చేది కాదు, మొలకలోనే ఉంది.

కాబట్టి గుంత వెడల్పుకంటే లోతు ముఖ్యం. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు తవ్వండి. కట్టడం చెత్త, ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్ళలు కనబడితే అన్నీ తీసేయండి. కొత్త ఇళ్ళ పెరళ్ళలో వీటికి కొదవ లేదు, దిగే కాడకు అవి అడ్డుగోడలు. తవ్విన మట్టిలో మూడోవంతు ఇసుక, ఒక తట్ట బాగా చివికిన పశువుల ఎరువు కలిపి తిరిగి నింపండి. పచ్చిపేడ వద్దు. నింపిన మట్టి చుట్టూ ఉన్న నేలకంటే నాలుగు వేళ్ళ ఎత్తున ఉండాలి, వానలకు అణిగి సమానమవుతుంది.

ఆ గుంతలో మూడు టెంకలను ఒకదానికొకటి జానెడు ఎడంలో, పడుకోబెట్టి, నాలుగంగుళాల లోతున పాతండి. తలకిందులుగా పడిందేమోనని చింత వద్దు, కాడ తనకు కావలసిన దిక్కు వెతుక్కుంటుంది. పైన ఎండుగడ్డి కప్పి, కంప వేయండి. ఊరి అంచున ఉన్న ఇల్లయితే పందులు టెంకలను తవ్వి తీస్తాయి.

మిగిలిన టెంకలను పెరట్లో ఇంకో మూల, రెండడుగుల ఎత్తున మెత్తటి మట్టి కుప్ప పోసి దానిమీద పేర్చి, పైన మట్టి కప్పండి. ఇదే తేగల పాతర. తినడానికి ఎలాగూ పనికివస్తుంది, దానితో నాకు అసలు ఉపయోగం వేరు. గుంతలో ఏం జరుగుతుందో చూడాలన్న ఆత్రం ఆగనప్పుడు గుంతను కెలకకుండా పాతరలో ఒకటి తవ్వి చూసుకోవచ్చు. రెండు నెలలకు కాడ ఎంత దిగిందో, తేగ ఊరిందో లేదో అక్కడే తెలుస్తుంది. భాద్రపదంలో పాతితే సంక్రాంతి దరిదాపుల్లో తేగలు తవ్వుకోవచ్చు. పిల్లలున్న ఇంట్లో తేగను నిలువునా చీల్చి మధ్యలో ఉన్న చందమామను చూపించండి, ఆ లేత మొలకే పైకి వచ్చి ఆకవుతుందని చెబితే గుంతలో ఉన్నదానిమీద వాళ్ళకూ కాపలా బుద్ధి పుడుతుంది.

ఏమీ కనబడని కాలం

మొదటి ఆకు కనబడటానికి నెలలు పడుతుంది. కొన్నింటికి ఏడాది దగ్గరవుతుంది. ఈలోగా టెంక నేల పైకి తేలి, ఎండి, డొల్లగా కనిపించవచ్చు. చచ్చిపోయిందనుకొని పీకేసేది ఇప్పుడే. పీకకండి. టెంక పని అయిపోయి ఉండవచ్చు, మొక్క కింద ఉంది.

గుంత చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టడం ఈ దశలో ఎరువుకంటే విలువైన పని. తొలి ఆకు తాటాకులా ఉండదు. విసనకర్ర ఆకారం తర్వాత వచ్చేది. మొదట వచ్చేది మడతలు పడిన పొడవాటి ఒంటి రెక్క, ఏదో మొండి గడ్డి అనిపిస్తుంది. కలుపు తీయడానికి వచ్చినవారు దాన్ని కొడవలితో కోసి పక్కన పడేసిన సంఘటన మా పెరట్లోనే జరిగింది. అదృష్టవశాత్తు మొవ్వు లోతున ఉండటంతో కొన్ని నెలలకు మళ్ళీ వచ్చింది. ఆరోజు నేను కలుపు తీసినవారిని కోప్పడ్డాను, నిజానికి గుర్తు పెట్టనిది నేనే.

ఒకే గుంతలో రెండు మూడు మొక్కలు వస్తే రెండేళ్ళ వరకు ఉండనిచ్చి, బలమైనది ఉంచి, తక్కినవాటిని తీసేయాలి. లాగితే పక్కదాని వేర్లు కదులుతాయి. మట్టి కాస్త తోడి, మొవ్వు ఉన్న చోటికి కిందుగా కోయండి. పైపైన కోస్తే మళ్ళీ లేస్తుంది.

నీళ్ళు, ఎరువు

వానకాలంలో పాతారు కాబట్టి సంక్రాంతి వరకు నీటి పని పెద్దగా ఉండదు. వానలు మొహం చాటేస్తే పది రోజులకొక బకెట్ చాలు. మొదటి వేసవిలో వారానికి ఒకసారి, రెండో వేసవిలో పదిహేను రోజులకొకసారి నిండు బకెట్ నెమ్మదిగా ఇంకేలా పోయండి. రోజూ చెంబెడు పోయడం మంచిది కాదు. పై మట్టి తడిసి ఆరిపోతుంది, వేరుకు కిందికి పోవలసిన అవసరం కలగదు. మొక్క చుట్టూ ఎండాకులు, వరిగడ్డి జానెడు మందాన పరిస్తే పోసిన నీళ్ళు నిలుస్తాయి. మూడో వేసవి నుంచి నేను నీళ్ళు మానేశాను. ఆకుల కొసలు కాస్త ఎండాయి, చెట్టుకు ఏమీ కాలేదు. డ్రిప్ పైపు దీనికి వేయడం డబ్బు దండగ.

ఏటా తొలకరికి మొక్కకు రెండడుగుల ఎడంగా గాడి తీసి ఒక తట్ట చివికిన ఎరువు, గుప్పెడు వేపపిండి వేయండి. అంతకుమించి పెడితే త్వరగా పెరుగుతుందనుకోవడం భ్రమ. కాస్త ముందుకు జరుగుతుందేమో గాని, ఇది మునగ కాదు.

చెట్టును చంపేవి

కరువు చంపలేని తాటిని చంపగలిగేవి మూడే ఉన్నాయి, మూడూ మొవ్వు దగ్గరికే వస్తాయి.

మొదటిది కొమ్ము పురుగు. నల్లగా నిగనిగలాడుతూ తలమీద ఖడ్గమృగానికున్నట్టు కొమ్ముతో ఉంటుంది. విచ్చుకోని మొవ్వు ఆకును తొలుస్తుంది, ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో వరుసగా కత్తిరించినట్టు కనిపిస్తుంది. కొబ్బరి తోటలున్నవారికి ఇది పాత శత్రువే. వంపు తిప్పిన ఇనుపకమ్మితో రంధ్రంలోంచి పురుగును లాగి, మొవ్వు చుట్టూ ఆకుల మొదళ్ళలో ఇసుకా వేపపిండీ కలిపి పోయాలి. ఇది గుడ్లు పెట్టేది పేడకుప్పలో, చివికిన మొద్దుల్లో. ఎరువుగుంతను చెట్టు పక్కనే పెట్టుకొని పురుగును తిట్టుకుంటే లాభం లేదు.

రెండోది ఎర్రముక్కు పురుగు. ఇది గాయాలను వాసన పట్టి వస్తుంది. మానుమీద రంధ్రం, అందులోంచి గోధుమరంగు జిగట కారడం కనబడిందంటే లోపల చాలా తినేసినట్టే. మందుకన్నా గాయం చేయకపోవడమే మేలు. పచ్చి మట్టలు నరకవద్దు, మానుకు మేకులు కొట్టి బట్టల తాడు కట్టవద్దు.

మూడోది మొవ్వుకుళ్ళు. అప్పటి గోదావరి జిల్లాలో తాటిచెట్లను గుంపులుగా చంపిన తెగులు ఇది. వృక్షరోగ శాస్త్రవేత్త బట్లర్ 1907లో దీనికి కారణమైన శిలీంద్రాన్ని వర్ణించారు. వానాకాలపు ముసురులో మధ్య ఆకు పసుపెక్కి, పట్టుకొని లాగితే కుళ్ళిన వాసనతో ఊడి చేతికొస్తుంది. తొలిదశలోనే గుర్తిస్తే కుళ్ళిన భాగమంతా కోసేసి, మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూసి, వాన లోపలికి పోకుండా కప్పితే బతికే అవకాశం ఉంది. చుట్టుపక్కల చెట్లకు వచ్చిన ఏడు మీ చెట్టుకు ముందుగానే ఒక శాతం బోర్డో మిశ్రమం మొవ్వులో తడిసేలా పోయండి. పది లీటర్లకు వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం. రెండూ వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో ఐదేసి లీటర్ల నీటిలో కలిపి, తుత్తం నీటిని సున్నపు నీటిలో పోస్తూ కర్రతో తిప్పాలి. ఇనుప పాత్ర పనికిరాదు. మెరిసే కత్తి కొస ముంచి తీస్తే దానిమీద ఎర్రటి పూత పట్టిందంటే ఇంకాస్త సున్నం కావాలని లెక్క. అదేరోజు వాడేయాలి.

మట్టలు తీయాలా?

పూర్తిగా ఎండినవి మాత్రమే, అదీ మాను మొదలయ్యాక. పాత మట్టల గుబురులో పాములు, ఎలుకలు చేరతాయి కాబట్టి ఇంటికి దగ్గరున్న చెట్టుకు ఏడాదికొకసారి శుభ్రం చేయించడం మంచిది. తోలు చేతొడుగులు లేకుండా కరుకు పట్టుకోకండి. ఊరి చివర విడిగా ఉన్న చెట్టయితే నేను ఉన్నదున్నట్టు వదిలేస్తాను. గిజిగాళ్ళు ఆ ఆకుల కొసలకే గూళ్ళు వేలాడదీస్తాయి. వానకాలం మొదట్లో గిజిగాడు తాటాకు అంచు నుంచి సన్నని పేలిక చీల్చి ముక్కున పట్టుకుపోవడం కుర్చీ వేసుకొని చూడదగ్గ పని. ఎండిన మట్టలు కింద కుప్పగా ఉంచవద్దు, ఒక్క అగ్గిపుల్లకు ఇల్లు దాకా వస్తుంది మంట.

ఆడచెట్టా, పోతుతాడా

తాటిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ముంజలు కాసేది ఆడది. పోతుతాడు వేళ్ళలాంటి పొడుగాటి గెలలు వేస్తుంది, పుప్పొడి ఇస్తుంది, కాయ కాయదు. కల్లు, నీరా మాత్రం రెండింటికీ వస్తాయి. టెంకను చూసి గాని, మొక్కను చూసి గాని ఏది ఏదో చెప్పే మార్గం పెరటిదారుకు లేదు. "ఇది ఆడమొక్కే, గ్యారంటీ" అని ఎవరైనా అమ్మితే నవ్వి వచ్చేయండి. పూతకు వచ్చినప్పుడే తేలుతుంది. పూత రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళు. చోటుంటే పది పన్నెండడుగుల ఎడంలో మూడు గుంతలు వేయమని చెప్పేది అందుకే, మూడింటిలో ఒక్కటైనా ఆడది కాకపోతుందా అని. పుప్పొడికి కొరత లేదు, చుట్టుపక్కల ఎక్కడో ఒక పోతుతాడు ఉండనే ఉంటుంది.

రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయపు పరిశోధన కేంద్రం తాటిమీద పనిచేస్తోంది. ఎకరాల్లో వేయాలనుకునేవారు ముందుగా అక్కడికి వెళ్ళి అడగడం తెలివైన పని.

గెల దిగే రోజు

పదిహేనేళ్ళు పెంచి, తొలి గెల చూడగానే సొంతంగా ఎక్కేయాలని ఉంటుంది. "తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం" అన్న సామెతలోని మనిషి కూడా ఎక్కడం వచ్చినవాడే. మోకు, ముస్తాదు లాంటి చెట్టెక్కే సరంజామా ఉన్న గీత కార్మికుడినే పిలవండి. ఇంటి చెట్టయినా కల్లు గీయించాలంటే ఎక్సైజు నిబంధనలు వర్తిస్తాయి, ముంజలకు ఆ బాధ లేదు. ముంజకు కోత రోజు ముఖ్యం. పదిరోజులు ఆలస్యమైతే లోపలి నీరు గట్టిపడి ముంజ కొబ్బరిలా ముదురుతుంది. ముందు ఒక్క కాయ కోయించి, చెక్కి, బొటనవేలితో నొక్కి చూడండి. వేలు దిగి నీరు చిమ్మితే గెల మొత్తం దింపమనండి. పైనుంచి విసరనివ్వకండి. తాడు కట్టి దించితే కాయలు చితకవు, కింద నిలబడినవారి తలకాయలూ దక్కుతాయి. ఒక గెలను మాత్రం కోయకుండా చెట్టుమీదే ఉంచండి, భాద్రపదానికి టెంకలు కావాలి కదా.